చిన్న పేగులో గడ్డ: ముందు అదేమిటో తేల్చుకుందాం

వయసు యాభై దాటిన మగమనిషి. హిమోగ్లోబిన్ 7. ఐరన్ మాత్రలు వాడినన్నాళ్లూ 9 దాకా ఎక్కుతుంది, ఆపేస్తే మళ్లీ దిగిపోతుంది. నోటి నుంచి ఎండోస్కోపీ చేశారు, నార్మల్. కింది నుంచి కొలనోస్కోపీ చేశారు, చిన్న మొలలు తప్ప ఏమీ లేవన్నారు. "మొలల వల్లే అయ్యుంటుంది. ఆకుకూరలు, బెల్లం, ఖర్జూరం తినండి" అని పంపేశారు. ఏడాది తిరిగేసరికి రెండుసార్లు రక్తం ఎక్కించాల్సి వచ్చింది. ఇలాంటి ఫైలు ఒకటి లేని గ్యాస్ట్రో డాక్టరు మన ఊళ్లలో ఉండరు.

ఆ ఫైల్లో ఎవరూ అబద్ధం చెప్పలేదు. చూసిన చోట నిజంగానే ఏమీ లేదు. కానీ చూడని చోటు చాలా ఉంది. మామూలు ఎండోస్కోపీ గొట్టం జీర్ణాశయం దాటి చిన్న పేగు మొదటి భాగం దాకా వెళ్లి ఆగిపోతుంది. కొలనోస్కోపీ పెద్ద పేగంతా తిరిగి, చిన్న పేగు చివర కాస్త తొంగిచూసి వెనక్కి వస్తుంది. నడుమ దాదాపు ఆరు మీటర్ల పేగు రెండింటికీ అందదు. "పైనా కిందా చూశారు, రెండూ నార్మల్" అన్నమాటకు "మధ్యలో ఇంకా చూడలేదు" అనే అర్థం కూడా ఉందని చాలామందికి ఎవరూ చెప్పరు. ఈ అధ్యాయంలో మిగతావన్నీ మరిచిపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి.

ఇంత పొడవున్న పేగులో గడ్డలు ఎంత తక్కువో వింటే ఆశ్చర్యం వేస్తుంది. జీర్ణవ్యవస్థ పొడవులో ముప్పాతిక వంతు చిన్న పేగుదే. అయినా జీర్ణవ్యవస్థలో వచ్చే క్యాన్సర్లలో దీని వాటా నూటికి మూడు, నాలుగుకు మించదు. కారణాలు పూర్తిగా తేలలేదు గానీ కొన్ని ఊహలు సబబుగానే ఉన్నాయి. తిన్నది ఇక్కడ ద్రవంలా ఉండి త్వరగా సాగిపోతుంది కాబట్టి, హాని చేసే పదార్థాలు గోడను ఎక్కువసేపు అంటిపెట్టుకోవు. పెద్ద పేగుతో పోలిస్తే బాక్టీరియా చాలా తక్కువ. లోపలి పొర కొద్ది రోజులకొకసారి కొత్తదవుతుంది. రక్షణ కణాల కాపలా కూడా గట్టిదే.

అరుదు కావడం మంచిదే. చిక్కల్లా ఆ అరుదు వల్ల ఎవరికీ తొందరగా అనుమానం రాకపోవడం. కడుపునొప్పి అనగానే గ్యాస్, అల్సర్, మొలలు, అపెండిక్స్ వరసగా గుర్తొస్తాయి. చిన్న పేగులో గడ్డ ఆ వరస చివర ఎక్కడో ఉంటుంది. అందుకే మొదటి లక్షణానికీ అసలు రోగం తేలడానికీ మధ్య నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచిపోతాయి.

మరి మనం దేన్ని పట్టుకోవాలి? అన్నిటికంటే ముందు, కారణం చెప్పలేని రక్తహీనతను. నెలసరి వచ్చే ఆడవాళ్లలో ఐరన్ లోపానికి సులువుగా ఒక కారణం దొరుకుతుంది. మగవాళ్లలోనూ, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలోనూ ఐరన్ తగ్గిందంటే రక్తం ఎక్కడో కారుతోందేమో వెతికి తీరాలి. ఐరన్ మాత్ర లోటును పూడుస్తుంది, చిల్లును పూడ్చదు. డాక్టరును "ఏ మాత్ర వాడాలండీ?" అని అడిగి ఊరుకోకండి. "ఐరన్ ఎందుకు తగ్గుతోందండీ?" అని కూడా అడగండి. ఇంకో సంగతి. ఐరన్ మాత్రలు వేసుకుంటే విరేచనం ఎలాగూ నల్లగానే వస్తుంది, దానికి కంగారు అక్కర్లేదు. తారులా జిగటగా, మామూలుగా ఉండని దుర్వాసనతో వస్తే మాత్రం అది రక్తమే అయ్యుండొచ్చు.

రెండోది, వచ్చి పోయే నొప్పి. భోజనం చేసిన కాసేపటికి బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్టు రావడం, కడుపు ఉబ్బడం, లోపల గుడగుడమని చప్పుడు, ఒక వాంతి కాగానే హాయిగా అనిపించడం. వారానికోసారి వచ్చేది రెండు రోజులకోసారి అవుతుంది. మనిషి తెలియకుండానే తిండి తగ్గించేస్తాడు, బరువు తగ్గుతాడు, "ఒళ్లు తేలికైంది" అని సంతోషపడతాడు కూడా. గడ్డ దారిని కొద్దికొద్దిగా మూసేస్తుంటే ఇలాగే ఉంటుంది. కొన్నిసార్లు ఆ గడ్డే ముందు నడిచి, చొక్కా చెయ్యి లోపలికి మడతపడ్డట్టు పేగును పేగులోకే లాగేస్తుంది. చిన్నపిల్లల్లో ఇలాంటి మడత చాలావరకు ఏ గడ్డా లేకుండానే వస్తుంది. పెద్దవాళ్లలో వచ్చి, పేగు మూసుకుపోతే, వెనక ఏదో ఒక గడ్డ ఉండే అవకాశం ఎక్కువ. అందుకే పెద్దవాళ్ల విషయంలో సర్జన్లు దాన్ని విడదీసి వదిలెయ్యకుండా ఆ భాగాన్ని కోసి పరీక్షకు పంపుతారు.

చిన్న పేగు మొదటి భాగంలో, పైత్యరసం వచ్చి చేరే ద్వారం దగ్గర గడ్డ పుడితే పచ్చకామెర్లు వస్తాయి. కామెర్లు అనగానే ముందు పసరు మందుకు పరుగెత్తే అలవాటు మనకు ఉంది. ఈ కామెర్లు పసరుతో తగ్గవు. వారాలు వృథా అవుతాయి, అంతే.

మన దేశంలో దీనికి టీబీ గొడవ ఒకటి తోడవుతుంది. చిన్న పేగు పెద్ద పేగును కలిసే చోట గోడ మందంగా ఉందని స్కానింగ్‌లో వస్తే, డాక్టరుకు ముందుగా తట్టేది టీబీ. తట్టడం తప్పు కాదు, మన దగ్గర గడ్డల కంటే పేగు టీబీయే ఎక్కువ. క్రోన్స్ జబ్బు, లింఫోమా, క్యాన్సర్ గడ్డ కూడా అక్కడ అచ్చం అలాగే కనిపిస్తాయన్నదే సమస్య. ఒక్కోసారి ముక్క తీసినా తేలదు, అప్పుడు అనుమానం మీదే టీబీ కోర్సు మొదలుపెట్టాల్సి వస్తుంది. అదీ న్యాయమే. కానీ రెండు మూడు నెలలకు మళ్లీ లోపల చూసి, మానుతోందా లేదా తేల్చుకోవాలి. చూడకుండా ఆరు నెలల కోర్సు లాగించి, ఆనక "టీబీ కాదేమో" అనుకోవడం రోగికి జరిగే పెద్ద అన్యాయం.

ఇక మధ్యలో ఉన్న ఆ ఆరు మీటర్లను చూసే పద్ధతులు. పేగును ద్రవంతో నింపి తీసే ప్రత్యేకమైన సీటీ స్కాన్ ఉంది, దాన్ని సీటీ ఎంటెరోగ్రఫీ అంటారు. మామూలు సీటీలో కనపడని చిన్న గడ్డలు ఇందులో దొరుకుతాయి. స్కాన్‌కు ముందు లీటరుకు పైగా ద్రవం నెమ్మదిగా తాగమంటారు. వికారంగా ఉందని సగం గ్లాసులు పక్కన పెడితే పేగు ముడుచుకునే ఉంటుంది, చిత్రం పాడవుతుంది. ఓపిక పట్టి తాగండి.

రెండోది క్యాప్సూల్ ఎండోస్కోపీ. గావ్రియెల్ ఇద్దాన్ అనే ఇజ్రాయెల్ ఇంజినీరు తయారుచేసిన మింగే కెమెరా 2001లో వాడకంలోకి వచ్చింది. పొడవు దాదాపు 26 మిల్లీమీటర్లు, పెద్ద విటమిన్ గోళీకి కాస్త ఎక్కువ. ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినకూడదు, పేగు శుభ్రమయ్యే మందు తాగాలి. పొద్దున్నే నడుముకు రికార్డరున్న బెల్టు కడతారు, గుక్కెడు నీళ్లతో కెమెరా మింగిస్తారు. రెండు గంటల తర్వాత నీళ్లు, నాలుగు గంటల తర్వాత ఇడ్లీ లాంటి తేలిక ఆహారం. ఆ ఎనిమిది గంటల్లో అది యాభై వేల దాకా బొమ్మలు తీస్తుంది. నొప్పి ఉండదు, మత్తు అక్కర్లేదు, ఆ పూట ఆఫీసు పని చేసుకునేవాళ్లూ ఉన్నారు. కెమెరా తర్వాత విరేచనంలో పోతుంది, తిరిగి ఇవ్వాల్సిన పనేమీ లేదు. అది పోయిందని తేలేవరకు ఎమ్మారై స్కాన్ మాత్రం చేయించుకోకూడదు. పేగు ఎక్కడైనా ఇరుకైందన్న అనుమానం ఉంటే కెమెరా అక్కడే ఇరుక్కుపోవచ్చు. అందుకని మెలిపెట్టే నొప్పి, వాంతులు ఉన్న సంగతి తప్పక ముందే చెప్పండి. అలాంటివాళ్లకు స్కానే ముందు.

కెమెరా చూస్తుంది, ముక్క తియ్యలేదు. అందుకు బెలూన్ ఎంటెరోస్కోపీ ఉంది. జపాన్ డాక్టరు హిరోనోరి యమమోటో 2001లో పరిచయం చేసిన పద్ధతి ఇది. గొట్టానికి బెలూన్లు తగిలించి, పేగును గొట్టం మీదికి కొద్దికొద్దిగా లాక్కుంటూ లోపలికి వెళ్తారు. హైదరాబాదులో పెద్ద గ్యాస్ట్రో ఆసుపత్రుల్లో ఇది మామూలే. చిన్న ఊళ్లలో ఉండకపోవచ్చు, పంపించమని అడగడానికి మొహమాటపడకండి.

గడ్డ దొరికింది. ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. ఇక్కడ కాస్త ఆగాలి. చిన్న పేగులో గడ్డ అంటే ఒక జబ్బు కాదు. కొవ్వు గడ్డల్లాంటివి క్యాన్సరే కావు. క్యాన్సర్లలోనూ ముఖ్యంగా నాలుగు రకాలు, నాలుగింటి నడకా వేరు, మందూ వేరు. ఏ రకమో చెప్పకుండా "పేగు క్యాన్సర్ అట" అన్న ఒక్కమాట మీద భయపడడమూ తొందరే, ధైర్యం చెప్పడమూ తొందరే. పక్కింటాయనకు పేగు క్యాన్సరొచ్చి ఏమైందో మీకు పనికిరాదు. ఆయనది చాలావరకు పెద్ద పేగుదై ఉంటుంది.

మొదటి రకం అడినోకార్సినోమా. లోపలి పొరలో పుడుతుంది, ఎక్కువగా చిన్న పేగు మొదటి భాగంలో. దీనికి ప్రధాన చికిత్స ఆపరేషనే. గడ్డను, అటూ ఇటూ కొంత మంచి పేగును, దాని లింఫ్ గ్రంథుల్ని కలిపి తీసి, చివరలు అతుకుతారు. గడ్డ పైత్యరస ద్వారం దగ్గరుంటే విపుల్ ఆపరేషన్ అవసరమవుతుంది, అది చాలా పెద్దది. క్లోమం తల భాగం కూడా పోతుంది. అలాంటిది ఏటా ఎక్కువ సంఖ్యలో చేసే చోటే చేయించుకోవడం మంచిది. ఈ విషయంలో "మా ఊళ్లోనే అయిపోతే బాగుండు" అన్న ఆలోచన పక్కన పెట్టాలి. ఆపరేషన్ తర్వాత వచ్చే పాథాలజీ రిపోర్టులో ఎన్ని లింఫ్ గ్రంథులు చూశారో అంకె ఉంటుంది. కనీసం 8 చూస్తేనే దశ నమ్మకంగా చెప్పగలరు. గ్రంథులకు పాకి ఉంటే కీమో ఇస్తారు, మామూలుగా ఆక్సాలిప్లాటిన్ కలిసినది. ఆ మందు ఎక్కిన కొన్ని రోజులు చల్లటిది తాకితే వేళ్లు, గొంతు జివ్వుమంటాయి. ఫ్రిజ్ నీళ్లు మానెయ్యండి, ఫ్రిజ్ తలుపు తీసేటప్పుడు కూడా గుడ్డ పట్టుకోండి.

రెండో రకం న్యూరోఎండోక్రైన్ గడ్డ. ఎక్కువగా చిన్న పేగు చివరి భాగంలో వస్తుంది. జర్మన్ పాథాలజిస్టు ఓబెర్న్‌డోర్ఫర్ 1907లో వీటిని వర్ణిస్తూ పెద్దగా హాని చెయ్యనివని రాశాడు. 1929లో తనే ఆ మాట సవరించుకున్నాడు. నెమ్మదివే కానీ పాకగలవు. కాలేయానికి పాకితే అవి వదిలే రసాయనాల వల్ల ముఖం ఉన్నట్టుండి ఎర్రబడడం, నీళ్ల విరేచనాలు, ఆయాసం వస్తాయి. ఆ విరేచనాలకు ఏళ్ల తరబడి "ఐబీఎస్" అని మందు వాడినవాళ్లున్నారు. దీనికి 24 గంటల మూత్ర పరీక్ష ఒకటి ఉంది. దానికి ముందు రెండు మూడు రోజులు అరటిపండు, టమాటా, అనాస, వంకాయ, అక్రోటు తినకూడదు, తింటే లెక్క తప్పుతుంది. టమాటా, వంకాయ లేకుండా మన వంటిల్లు మూడు రోజులు గడవడం కష్టమే గానీ గడపాలి. రక్తంలో చూసే క్రోమోగ్రానిన్ అనే పరీక్షను రోజూ పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర తప్పుదారి పట్టిస్తుంది. ఆ మాత్ర ఎప్పుడు ఆపాలో డాక్టర్ని అడగండి.

ఇందులో ఓదార్పు ఏమిటంటే, పాకిన తర్వాత కూడా ఏళ్ల తరబడి అదుపులో పెట్టగలగడం. ఆపరేషన్‌తో పాటు ఆక్ట్రియోటైడ్ లేదా లాన్రియోటైడ్ ఇంజెక్షన్ 28 రోజులకొకసారి ఇస్తారు. అది సరిపోకపోతే లుటీషియం-177 అనే రేడియోధార్మిక మందు గడ్డ కణాల్నే వెతుక్కుని వెళ్లి అంటుకుంటుంది. ఈ గడ్డ ఉన్న మనిషికి పంటి ఆపరేషన్ చేసినా, కంటి ఆపరేషన్ చేసినా, మత్తు ఇచ్చే డాక్టరుకు ముందే చెప్పాలి. మత్తులో బీపీ ప్రమాదకరంగా మారే అవకాశం ఉంటుంది.

మూడోది లింఫోమా. రక్తకణాల జాతి జబ్బు కాబట్టి ఇక్కడ కీమోదే పెద్దపీట. పేగు చిల్లు పడితేనో మూసుకుపోతేనో ఆపరేషన్. చాలా రకాలు మందులకు బాగా లొంగుతాయి. ఒక అరుదైన రకం తొలి దశలో ఉంటే యాంటీబయాటిక్స్‌తోనే తగ్గుతుందంటే నమ్మబుద్ధి కాదు, కానీ నిజం.

నాలుగోది జిస్ట్. పేగు గోడ కండరంలో పుడుతుంది. దీని కథ కొంచెం వివరంగా చెప్పాలి, మన హైదరాబాదుతో సంబంధముంది. 2000 దాకా పాకిన జిస్ట్‌కు మందు లేదనే చెప్పాలి, కీమో దాదాపు పనిచేసేది కాదు. 1998లో జపాన్ శాస్త్రవేత్తలు ఈ గడ్డల్లో కిట్ అనే జన్యువు చెడి, పెరగమన్న ఆజ్ఞను ఆపకుండా ఇస్తోందని కనిపెట్టారు. 2000లో హెల్సింకిలో ఒక మహిళకు, రక్తక్యాన్సర్ కోసం తయారైన ఇమాటినిబ్ మాత్ర ఇచ్చి చూశారు. గడ్డలు వారాల్లో చల్లబడ్డాయి. 2002లో అమెరికా జిస్ట్‌కు ఆ మాత్రను అనుమతించింది.

మందు వచ్చింది, ధర అందలేదు. స్విట్జర్లాండ్ కంపెనీ నోవార్టిస్ అమ్మే మాత్రలు నెలకు లక్షా ఇరవై వేల రూపాయల దాకా అయ్యేవి. హైదరాబాదు కంపెనీ నాట్కో 'వీనాట్' పేరుతో అదే మందు తెచ్చింది. మన కంపెనీల మందు నెలకు ఎనిమిది, పది వేలలో దొరికింది. పేటెంటు గొడవ చెన్నై నుంచి ఢిల్లీ దాకా నడిచి, 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ వాదనను తోసిపుచ్చింది. ఇవాళ మెడికల్ షాపులో ఆ డబ్బా అందుకునేవాళ్లలో చాలామందికి దీని వెనక ఏళ్ల తరబడి సాగిన కోర్టు పోరాటం ఉందని తెలియదు.

జిస్ట్‌ను ఆపరేషన్‌తో పగలకుండా తియ్యాలి. పొట్టలో పగిలితే మళ్లీ వచ్చే ముప్పు బాగా పెరుగుతుంది. అందుకే సులువుగా తీసేయగల గడ్డకు ముందుగా సూది ముక్క తియ్యకుండా నేరుగా ఆపరేషన్ చేయడం కూడా సరైన పద్ధతే, "బయాప్సీ చెయ్యకుండానే కోశారు" అని అనుమానపడకండి. ముప్పు ఎక్కువైతే ఆ తర్వాత మూడేళ్లు ఇమాటినిబ్, మామూలుగా రోజుకు 400 మిల్లీగ్రాములు, భోజనంతో, నిండు గ్లాసు నీళ్లతో. పొద్దున కళ్ల కింద వాపు, కాళ్ల కండరాలు పట్టెయ్యడం వస్తాయి, భయపడక్కర్లేదు, చెప్పాలి. మాత్ర నడిచినన్నాళ్లూ గ్రేప్‌ఫ్రూట్, పంపరపనస వద్దు.

పాకిన జిస్ట్‌లో మాత్ర జీవితాంతం. ఇక్కడే మన ఇళ్లలో ఒక పెద్ద పొరపాటు జరుగుతుంది. "నాన్నకు చెప్పకండి డాక్టరు గారూ, తట్టుకోలేరు" అని కొడుకు వరండాలో చేతులు పట్టుకుంటాడు. నాన్నకు "గ్యాస్ గడ్డ, తీసేశారు" అని చెబుతారు. ఆరు నెలలకు ఆకలి వేస్తుంది, బరువు పెరుగుతాడు, "బాగానే ఉన్నాను కదరా, ఈ మాత్ర ఎందుకు?" అని మానేస్తాడు. మాత్ర మానితే గడ్డలు మళ్లీ లేస్తాయి. ఆయన్ను తప్పుపట్టలేం, ఎవరూ చెప్పలేదు కాబట్టి. అన్నీ ఒకేసారి చెప్పనక్కర్లేదు. "నాన్నా, గడ్డ ఉండింది, తీసేశారు. మళ్లీ రాకుండా ఈ మాత్ర ఆపుతుంది. బాగున్నా వేసుకోవాలి" అన్న నాలుగు మాటలు ఏ పెద్దాయనైనా తట్టుకుంటాడు. తట్టుకోలేనిది తరచుగా మనమే.

రకం తేల్చేది పాథాలజీ రిపోర్టు. దాన్ని ఫైల్లో అడుగున పెట్టకండి. జిస్ట్ అయితే సీడీ 117, డాగ్ 1 పాజిటివ్ అని ఉంటుంది, గడ్డ సైజు, కణవిభజనల లెక్క ఉంటాయి. న్యూరోఎండోక్రైన్ అయితే కేఐ-67 శాతం చూడండి: 3 లోపైతే మెల్లనిది, 20 దాటితే చురుకైనది. అడినోకార్సినోమా అయితే ఎంఎంఆర్ పరీక్ష చేశారా అని అడగండి, ఇమ్యునోథెరపీ పనికొస్తుందా లేదా దాన్ని బట్టి తెలుస్తుంది. రెండో అభిప్రాయానికి వెళ్లేటప్పుడు కాగితాలు చాలవు, స్లైడ్లూ మైనపు బ్లాకులూ అడిగి తీసుకెళ్లండి. అవి మీవే. జబ్బు అరుదైంది కాబట్టి ఇంకొకరు చూడడం అవమానమేమీ కాదు, మంచి డాక్టర్లు తామే పంపుతారు.

ఖర్చు సంగతి చేర్పించకముందే మాట్లాడాలి. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్యసేవ క్యాన్సర్ ఆపరేషన్లకు, కీమోకు సాయం చేస్తాయి. ఏ ప్యాకేజీలో మీ చికిత్స వస్తుందో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర చెబుతారు. హైదరాబాదు ఎంఎన్‌జే, విశాఖ దగ్గర అగనంపూడిలోని హోమీ భాభా ఆసుపత్రి లాంటివి ఉండగా పొలం అమ్మే మాట మొదటే రానక్కర్లేదు.

ఆపరేషన్ తర్వాత తిండి. మొదటి నెలా నెలన్నరా మెత్తని అన్నం, చారు, పెసరపప్పు కట్టు, ఇడ్లీ, పెరుగు, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు. మునక్కాయ, గోరుచిక్కుడు, పనస తొనలు, కొబ్బరి ముక్కలు అతుకు దగ్గర చిక్కుకోవచ్చు, వాటికి కొన్నాళ్లు సెలవు. చిన్న పేగు చివరి భాగం చాలా మేర పోయినవాళ్లలో బి12 పీల్చుకునే చోటే పోతుంది. కాలేయంలో నిల్వ ఉంటుంది కనుక లోటు నెలల్లో బయటపడదు, ఏళ్లు పడుతుంది. అప్పటికి ఆపరేషన్ సంగతే మరిచిపోయి, కాళ్ల తిమ్మిర్లకు షుగరేమో అని పరీక్ష చేయించుకుంటారు. ఇంజెక్షన్ అవసరమా అని సర్జన్ని డిశ్చార్జి రోజే అడగండి. తిన్న వెంటనే నీళ్లలా పోతుంటే పైత్యరసం వల్ల కావచ్చు, దానికి పొడి మందు ఉంది, ఓర్చుకోనక్కర్లేదు. విపుల్ అయినవాళ్లకు భోజనంతో పాటు ఎంజైమ్ గోళీలు కావాలి. అవి అన్నం ముగిశాక కాదు, మొదటి ముద్దతో వేసుకోవాలి.

చివరగా ఇంట్లోవాళ్ల సంగతి. ఎక్కువ మందిలో ఇది వంశపారంపర్యం కాదు. కానీ అడినోకార్సినోమా యాభై లోపే వచ్చినా, ఇంట్లో పెద్ద పేగు లేదా గర్భాశయ క్యాన్సర్లు తరతరాలుగా కనిపిస్తున్నా లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య జన్యులోపం ఉందేమో చూడాలి. పెదవుల మీద చిన్ననాటి నుంచీ నల్లమచ్చలుండి, పేగులో పాలిప్‌లు వచ్చే కుటుంబాలూ ఉన్నాయి. జన్యు పరీక్షలో లించ్ తేలితే, అదే జన్యులోపమున్న తోబుట్టువులకు, పిల్లలకు కొలనోస్కోపీ తరచుగా ఇరవై నుంచి పాతికేళ్ల వయసులోనే మొదలుపెడతారు. కూతురి పెళ్లి అయ్యేదాకా ఈ మాట ఎత్తొద్దు అనుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ కూతురికి ఇరవై మూడేళ్లయితే, ఆ పరీక్ష గడువులో ఆమె ఇప్పటికే ఉంది.